సమాధానం

తెలుగు బైబిల్లో చిన్నప్పటినుంచీ నన్ను తికమక పెట్టిన మాట ఒకటుంది. సమాధానం.

బళ్ళో సమాధానం అంటే జవాబు. క్రింది ప్రశ్నలకు సమాధానములు వ్రాయుము అని ప్రతి పరీక్ష పేపర్లోనూ ఉండేది కదా, ఆ సమాధానం. ఆదివారం చర్చికి వెళ్తే అదే మాట ఇంకో అర్థంలో వినపడేది. దేవుని సమాధానం, సమాధానకర్త, సమాధానంగా వెళ్ళండి... అక్కడ సమాధానమంటే శాంతి, నెమ్మది. ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా సండే స్కూలు టీచరుగారిని అడిగేశాను కూడా, "దేవుని సమాధానం అంటున్నారు, మరి ప్రశ్న ఏంటండీ?" అని. ఆవిడ నవ్వేసి "ముందు కంఠత వాక్యం అప్పజెప్పు" అన్నారు :)

నిజానికి రెండర్థాలూ మన భాషలో ఉన్నవే. గొడవపడ్డ అన్నదమ్ములు సమాధానపడ్డారు అంటాం. ఏడుస్తున్న పిల్లాణ్ణి సమాధానపరిచాం అంటాం. చెదిరిపోయినవాటిని ఒకచోట చేర్చి కుదురుగా పెట్టడం అన్న అర్థంలోంచి పుట్టిన సంస్కృతం మాట అది. సమాధి దానికి దగ్గరి చుట్టం. కాలక్రమంలో జవాబు అన్న అర్థం బజార్లో నిలబడింది, నెమ్మది అన్న అర్థం ఎక్కువగా మా చర్చిల్లో ఉండిపోయింది. ఈ రెండింటి మధ్య దూరం ఎంతో 2024లో నాకు తెలిసొచ్చింది. ఆ సంగతే రాద్దామని.

ముందే ఒక మాట. మతం పేరెత్తగానే రెండు రకాల జనం చేరతారు. ఒకళ్ళు "మమ్మల్ని మార్చడానికి వచ్చావా" అంటారు, రెండోవాళ్ళు హల్లెలూయా అనేసి చదవకుండా వెళ్ళిపోతారు. ఇద్దరికీ ఓ దణ్ణం. నేనెవర్నీ మార్చడానికి రాయట్లేదు. ఉద్యోగం పోయి, ఇంట్లో అప్పు పెరిగి, రాత్రుళ్ళు నిద్రపట్టనప్పుడు మనిషి దేన్ని పట్టుకుని నిలబడతాడు అన్నది మన ఫీల్డులో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే విషయం. నేను పట్టుకున్నది నా విశ్వాసం. మీది ఇంకోటి కావచ్చు.

మాది ఏలూరు. అమ్మమ్మగారిది తాడేపల్లిగూడెం, మేం ఉత్త గూడెం అంటాం. ఇంజినీరింగ్ నాలుగేళ్ళూ అమ్మమ్మ ఇంట్లోనే ఉండి చదివాను. శనివారం సాయంత్రం ప్యాసింజరెక్కితే బాదంపూడి, చేబ్రోలు, కైకరం, పూళ్ళ, భీమడోలు, దెందులూరు... ఒక్కో స్టేషన్లో తాపీగా ఆగుతూ ఏలూరు చేరేది. నాన్న మండవల్లి వైపు చెరువు లీజుకు తీసుకుని చేపలు పెంచుతారు. కాంటూరు బయటే లెండి, కొల్లేరు అనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న అదే కదా. ఐదో కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లు 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో లోపలున్న చెరువుల గట్లు కొట్టేశారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా చెరువు ఆ గీతకి ఇవతల ఉంది. గీత సంగతి మనుషులకి తెలుసుగానీ నీళ్ళకి తెలీదు కదా, ఆ కథ తర్వాత చెప్తాను.

జవాబు కోసం ఒక ఊరు ఊరంతా ఎదురుచూడటం నేను చూశాను. 2020 డిసెంబరు మొదటి వారం. వర్క్ ఫ్రం హోం రోజులు, ఏలూర్లోనే ఉన్నా. వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛొచ్చి పడిపోవడం మొదలైంది. కొద్ది రోజుల్లోనే లెక్క ఆరు వందలు దాటింది, ఒకరు చనిపోయారు. చాలామంది ఒకటి రెండు రోజుల్లో తేరుకుని ఇంటికొచ్చేశారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. తర్వాత నిపుణుల సంస్థలు పురుగుమందుల అవశేషాల వైపు చూపించాయి. అవి ఒంట్లోకి ఎలా చేరాయన్నదాని మీద మా వీధిలో ఇప్పటికీ తలో మాట. నీళ్ళని ఒకరు, కూరగాయలని ఒకరు. మన భాషలో చెప్పాలంటే ఊరంతా ఆర్‌సీఏ కోసం కూర్చుంది. టీవీ ముందు నేనూ కూర్చున్నా. అమ్మ మాత్రం ఆ వారమంతా నీళ్ళు కాచి చల్లార్చి, వెనక వీధిలో ఒక్కత్తే ఉండే ముసలావిడకి రెండు పూటలా పట్టుకెళ్ళి ఇచ్చొచ్చేది. "కారణం తెలీకుండా అలా తిరక్కే" అంటే, "తెలిసేదాకా ఆవిడ నీళ్ళు తాగకుండా ఉంటుందేంట్రా" అంది. అప్పుడు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, ఇప్పుడు తరచూ గుర్తొస్తుంది.

సరే, 2024. ఫిబ్రవరిలో నా ఉద్యోగం పోయింది. పదిహేను నిమిషాల కాల్. రేటింగ్ బాగుంది, మాడ్యూల్ ప్రొడక్షన్లో ఉంది, ముందు రోజు రాత్రి రెండింటిదాకా రిలీజ్ చేసి పడుకున్నా. "నేనే ఎందుకు?" అని అడిగితే అవతలావిడ కాగితంలో ఉన్నది చదివినట్టు "బిజినెస్ డెసిషన్" అంది. ఆవిడ గొంతు కూడా అలిసిపోయినట్టుంది, ఆ రోజు నా ముందు ఎంతమందికి చదివిందో. లాప్‌టాప్ మధ్యాహ్నానికి లాకయిపోయింది.

ఆ తర్వాత నెల రోజులు నేను చేసిన పని చెప్తే నవ్వుతారు. మా టీంలో ఎవరు పోయారు, ఎవరు ఉన్నారు, అనుభవం, జీతం, మేనేజరు, టెక్నాలజీ... అన్నీ ఎక్సెల్లో వేసి ఏ కాలం మీద ఫిల్టర్ పెడితే నా పేరొస్తుందో వెతికాను. ఎటు తిప్పినా లెక్క కలవలేదు. మనం డీబగ్గింగ్ చేసి బతికే జాతి. ప్రతిదానికీ ఎక్కడో ఒక లాగ్ ఉంటుంది, ఓపిగ్గా చూస్తే లైన్ నంబరు దొరుకుతుంది అన్న నమ్మకంతో జీతాలు తీసుకుంటాం. జీవితానికి స్టాక్ ట్రేస్ రాదని ఎవరూ ట్రైనింగ్‌లో చెప్పరు.

ఇక్కడ మా వాళ్ళ సంగతొకటి చెప్పాలి. డిసెంబరు 31 రాత్రి చర్చిలో అర్ధరాత్రి దాకా ఆరాధన చేసి, కొత్త ఏడాదికి తలా ఒక వాగ్దానం చీటీ తీస్తాం. 2024కి నేను తీసిన చీటీలో, దేవుడు నన్ను తోకగా కాక తలగా పెడతాడని అర్థమొచ్చే వాక్యం ఉంది. అమ్మ దాన్ని ఫ్రిజ్ మీద అంటించింది. ఫిబ్రవరిలో లేఆఫ్. ఆ చీటీ తీసెయ్యమంటే తియ్యలేదు.

సాక్ష్యాలు కూడా అంతే. ప్రార్థన కూటంలో ఎవరు లేచినా కథ ఒకే దారిలో నడుస్తుంది. కష్టం వచ్చింది, ప్రార్థన చేశాం, వీసా వచ్చింది. జబ్బు చేసింది, ప్రార్థన చేశాం, రిపోర్టు నార్మల్. అబద్ధాలని అనను, అందులో చాలామంది నాకు బాగా తెలిసినవాళ్ళే. కానీ టికెట్ క్లోజయ్యాకే లేచి నిలబడాలన్నది ఎవరు పెట్టిన రూలో తెలీదు. ఓపెన్‌గా ఉన్న టికెట్లవాళ్ళు వెనక బెంచీలో కూర్చుని చప్పట్లు కొట్టాలి, అంతే. దేవుడికి ఎస్సెల్యే పెట్టి, గడువు దాటితే "నీ విశ్వాసం చాల్లేదు" అని తప్పు అడిగినవాడి మీదే తోసేసే ప్రసంగాలు టీవీల్లో, ఫోన్లలో రోజూ వస్తూనే ఉంటాయి. కష్టంలో ఉన్నవాడికి అంతకంటే క్రూరమైన మాట ఉండదని నా అభిప్రాయం.

ఆ ఏడాది మార్చి 29న గుడ్ ఫ్రైడే. గూడెంలో అమ్మమ్మ వాళ్ళ చర్చికి వెళ్ళాను. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. నాలుగో మాట ఒక రిటైరైన లెక్కల మాస్టారికిచ్చారు. ఆయన ప్రసంగాలు చెప్పే మనిషి కాదు. చెప్పింది మొత్తం ఐదు నిమిషాలు. ఏడు మాటల్లో ఇదొక్కటే ప్రశ్న, తండ్రిని నన్నెందుకు విడిచిపెట్టావని అడగడం. దీనికి మత్తయిలోగానీ మార్కులోగానీ జవాబు లేదు, వెతకండి, నేను వెతికాను అన్నారు. జవాబు రాలేదని ఆయన తండ్రితో మాట్లాడటం మానెయ్యలేదు, ఆఖరి మాట కూడా తండ్రితోనే అన్నాడు అని చెప్పి కూర్చుండిపోయారు.

చెమటలు కారుతున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, అరటాకు కట్టల్లా జనం ఒత్తుకుని కూర్చున్నారు. నాకు మాత్రం ఫిబ్రవరి నుంచి మొదటిసారి ఊపిరి కిందికంటా అందినట్టనిపించింది. ఎందుకు అని అడగడం అవిశ్వాసం కాదన్నమాట. అడిగి, జవాబు రాక, అయినా ఆ చెయ్యి వదలకపోవడం మా మతానికి నడిబొడ్డునే ఉంది. ఇన్నేళ్ళు ప్రతి గుడ్ ఫ్రైడేకీ విన్న మాటే అది.

ఎక్సెల్ షీటు డిలీట్ చెయ్యలేదు గానీ మళ్ళీ తెరవలేదు.

జూన్లో హైదరాబాదు రూం ఖాళీ చేసి ఏలూరొచ్చేశాను. అప్లికేషన్లు రెండు వందలు దాటాయి. మూడు రౌండ్లయ్యాక పొజిషన్ హోల్డ్‌లో పెట్టామనేవాళ్ళు, అసలు తిరిగి రాయనివాళ్ళు... ఇవన్నీ మీకు తెలిసినవే, ఎక్కువ రాయను.

సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడని ముంచింది. ఆ దృశ్యాలు దేశమంతా చూసింది. మా ప్రాంతం బయటివాళ్ళకి తెలియనిదేంటంటే ఆ నీళ్ళు వచ్చేది కొల్లేరుకే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, పైనుంచి వచ్చే డ్రెయిన్లు, అన్నీ కొల్లేట్లో దిగుతాయి. సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. ఇన్‌పుట్లు బోలెడు, అవుట్‌పుట్ ఒకటి. అందుకని విజయవాడలో నీళ్ళు తగ్గుతున్న రోజుల్లో మాకు పెరుగుతుంటాయి. ఏలూరు కైకలూరు రోడ్డు మీదకొచ్చి రాకపోకలు ఆగిపోయాయి. లంక గ్రామాల్లోకి పడవలే గతి. నాన్న, పాలేరు, నేను రెండు రాత్రులు చెరువు గట్టు చుట్టూ కర్రలు పాతి వల కట్టాం, నీళ్ళు పొర్లినా చేప పోకుండా. మూడో రోజు తెల్లవారుజామున వల మీంచి కూడా పొర్లింది. గట్టు ఏదో కొల్లేరేదో తెలీని పరిస్థితి.

నాన్న ఏడవలేదు. గట్టు మీద మిగిలిన కాస్త జాగాలో కూర్చుని లెక్కపెట్టడం మొదలెట్టారు. "శీలావతి కిలోంపావు దాటింది. బొచ్చె ఇంకా ఎక్కువే. పండక్కి పట్టుబడి పెడదామనుకున్నాం. చెక్క ఎన్ని బస్తాలు, తవుడు ఎన్ని బస్తాలు..." అని. మేతంతా షావుకారు దగ్గర అరువు. లీజు డబ్బుల్లో సగం కూడా ఆయన దగ్గర తెచ్చిందే. మొత్తం పదకొండు లక్షల చిల్లర. ఇంట్లో సంపాదిస్తాడనుకున్న కొడుకు లాప్‌టాప్ ముందు జావా ప్రశ్నలు చదువుకుంటున్నాడు.

నీళ్ళు తీశాక కూడా నాన్న రోజూ సాయంత్రం వెళ్ళి ఆ గట్టు మీద ఒక్కరే కూర్చునేవారు. చీకటి పడితే అమ్మ నా దగ్గరికొచ్చి "బాబూ, నాన్న దగ్గరికి వెళ్ళిరా" అనేది. ఎందుకో చెప్పేది కాదు. నేనూ అడిగేవాణ్ణి కాదు. కొల్లేటి పక్క ఊళ్ళలో అప్పులపాలైన మగాళ్ళు ఏం చేసుకుంటారో ఇద్దరికీ తెలుసు. బండి మీద వెళ్ళి పక్కన కూర్చునేవాణ్ణి. చాలా రోజులు ఒక్క మాటా ఉండేది కాదు. ఒకరోజు నాన్నే అడిగారు, "మీ అమ్మ పంపుతోందా?" అని. అవునన్నాను. "ఏం చేసుకోనని చెప్పు. కూర్చోబుద్ధేసి కూర్చుంటన్నాను" అన్నారు. ఆ తర్వాత కూడా వెళ్ళాను. ఇద్దరం కూర్చునేవాళ్ళం.

అమ్మ ఐదింటికి లేచి ప్రార్థన చేస్తుంది, నా ఊహ తెలిసినప్పటినుంచీ. ఆ సెప్టెంబరు నుంచి నేనూ పక్కన కూర్చోవడం మొదలుపెట్టా. నిద్ర పట్టేది కాదు కదా, లేచి ఉండేవాణ్ణే. అమ్మ ప్రార్థనలో గొప్ప మాటలేవీ ఉండవు. వరసగా పేర్లుంటాయి. నాన్న, నేను, చెల్లి, అమ్మమ్మ, వెనక వీధి ముసలావిడ, పాలేరు కొడుకు ఇంటర్ పరీక్ష. ఒకరోజు ఆ వరసలో షావుకారు పేరు వినపడింది. వాళ్ళమ్మాయి పెళ్ళికి ఏ ఆటంకం రాకూడదని! నాకు ఒళ్ళు మండింది. "మనం ఆయనకి పదకొండు లక్షలు బాకీ అమ్మా" అన్నా. "బాకీ కాబట్టే గుర్తొచ్చాడు. ఆయన డబ్బూ మునిగింది కదరా" అంది. మా అప్పులాయన కూడా మునిగినవాళ్ళ లెక్కలోకే వస్తాడన్నది నాకు అప్పటిదాకా తట్టనే లేదు. ఆ రోజునుంచి ఫోన్లో ఆయన నంబరు కనపడితే గుండె దడదడలాడటం తగ్గింది. చిన్న విషయమే కానీ, నాకు తెలిసి సమాధానం ఇలా చిల్లరగానే వస్తుంది.

అక్టోబరులో ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనలో సాక్ష్యాల సమయం. లంక నుంచి ఒకావిడ లేచింది. ముందెప్పుడూ మాట్లాడని మనిషి. "ఇల్లు తడిసిపోయిందండి. మా ఆయన ఇంకా మంచం మీదే ఉన్నాడు. ఏదీ మారలేదు. అయినా వచ్చానండి. వందనాలు" అని కూర్చుంది. అంతే. మామూలుగా సాక్ష్యం అవగానే ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటారు. ఆ రోజు ఎవరూ ఎత్తుకోలేదు. అయ్యగారు కాసేపాగి ఆమెన్ అన్నారు. ఇన్నేళ్ళలో నేను విన్న సాక్ష్యాల్లో నాకు బాగా ఉపయోగపడింది అదే.

ఆ నెలల్లో ఖాళీ దొరికినప్పుడల్లా మా గోదావరి డెల్టాలోకి ఈ మతం ఎలా వచ్చిందో చదివాను. ఆంటొనీ నోరిస్ గ్రోవ్స్ అని ఇంగ్లండులో ఎక్సెటర్ ఊళ్ళో పళ్ళ డాక్టరు ఒకాయన. బాగా నడుస్తున్న ప్రాక్టీసు వదిలేసి 1829లో కుటుంబంతో బాగ్దాదు వెళ్ళాడు. 1831లో అక్కడ ప్లేగు, దాంతోపాటు వరద. భార్య మేరీ ప్లేగుతో పోయింది, ఆ ఏడాదే పసిబిడ్డ కూడా. ఆ రోజుల్లో రాసిన డైరీ 1832లో లండన్‌లో పుస్తకంగా వచ్చింది. తర్వాత ఇండియా వచ్చాడు. 1836లో బౌడెన్, బీర్ అనే రెండు జంటల్ని వెంటబెట్టుకొచ్చింది ఆయనే. వాళ్ళు నరసాపురంలో మొదలెట్టిందే తర్వాత గోదావరి డెల్టా మిషన్ అయింది.

నన్ను పట్టేసింది ఆ తర్వాతి భాగం. గ్రోవ్స్ చిత్తూరులో స్థిరపడి, ఎవరి మీదా ఆధారపడకుండా బతకాలని భూమి తీసుకుని మల్బరీ వేసి పట్టు పని పెట్టాడు. అది దెబ్బతిని అప్పులపాలయ్యాడు. 1853లో బ్రిస్టల్‌లో, తన చెల్లెలి భర్త జార్జి ముల్లర్ ఇంట్లో చనిపోయాడు. ప్రార్థనతోనే వేలమంది అనాథల్ని పోషించాడని ముల్లర్‌కి ప్రపంచమంతా పేరు. ఒకే ఇంటి బంధువులు, ఒకే విశ్వాసం. ఒకాయన కథ సాక్ష్యానికి సరిగ్గా సరిపోతుంది. రెండో ఆయన కథలో భార్య పోయింది, బిడ్డ పోయింది, పంట పోయింది, అప్పు మిగిలింది. మా వేదికల మీద ముల్లర్ పేరు లెక్కలేనన్నిసార్లు విన్నాను, గ్రోవ్స్ పేరు ఒక్కసారీ వినలేదు. నాన్నకి ఈ కథ గట్టు మీద చెప్పాను. అంతా విని "పట్టుపురుగుక్కూడా మేత అరువేనా?" అని అడిగారు.

మా స్నేహితుడొకడు, నాస్తికుడు, మంచివాడు, "ఇదంతా ధ్యానం లాంటిదే కదా, దేవుడు లేకపోయినా పనిచేస్తుంది" అన్నాడు. కావచ్చు, ఊపిరి లెక్కపెట్టుకుంటే గుండె నెమ్మదిస్తుందని నాకూ తెలుసు. కానీ నాకు అక్కడ దొరికింది ఒక్క ప్రశాంతతే కాదు. మొరపెట్టుకోవడానికి ఎదురుగా ఒకరు ఉన్నారన్న నమ్మకం. కీర్తనల్లో సుమారు మూడో వంతు ఇలాంటి మొరలే, 88వది అయితే చీకట్లోనే ముగుస్తుంది, చివర్లో ఆశావాక్యం కూడా తగిలించలేదు. యోబు అన్ని అధ్యాయాలు ఎందుకని అడిగితే చివరికి దేవుడు ఎదురు ప్రశ్నలేస్తాడు తప్ప కారణం చెప్పడు. అలాంటివి తీసెయ్యకుండా పుస్తకంలో ఉంచిన మతం కాబట్టే నాకు నమ్మబుద్ధేసింది. రోమా పత్రిక ఐదో అధ్యాయంలో పౌలు శ్రమలోంచి ఓర్పు పుడుతుందంటాడు. ఓర్పుని చేతులు కట్టుకుని కూర్చోవడంగా మా అమ్మ ఎప్పుడూ చూడలేదు. ఐదింటికి ప్రార్థన, ఆరింటికి నాకు టీ, "ఇంక చదువుకో" అని గది తలుపు వేసెయ్యడం. ఆ తలుపు వెనక నేను సిస్టం డిజైన్ మళ్ళీ మొదటినుంచి చదివాను. నిద్ర కూడా మెల్లగా దారిలో పడింది.

జనవరిలో గూడెం చర్చిలో కోత పండుగ. పొలం ఉన్నవాళ్ళు ధాన్యం, లేనివాళ్ళు గుమ్మడికాయ, కోడి, అరటిగెల, ఏదోటి తెచ్చి బలిపీఠం ముందు పెడితే తర్వాత వేలం వేస్తారు. వరద పోయాక చెరువులో మూల మూల మిగిలిన చేప పట్టిస్తే పది కిలోలు కూడా రాలేదు. అందులో పెద్ద బొచ్చె ఒకటి తీసి నాన్న గోనెసంచిలో పెట్టుకుని ప్యాసింజరెక్కారు. అమ్మ వద్దనలేదు. వేలంలో అయ్యగారు రెండొందల దగ్గర మొదలెట్టారు. మా మావయ్య పన్నెండొందలకి పాడుకుని మళ్ళీ కానుకగా ఇచ్చేశారు, అక్కడ అలవాటే అది. రెండోసారి లెక్కల మాస్టారు పాడారు, ఆయనా తిరిగిచ్చేశారు. మూడోసారి ఎవరూ నోరెత్తకముందే అమ్మమ్మ లేచి "యాభై రూపాయలు!" అంది. హాలంతా గొల్లుమంది. "ఎవరైనా ఎక్కువ పాడారో చూడండి, మా అల్లుడు చేప, నేనే వండాలి" అంది. నాన్న నవ్వడం సెప్టెంబరు తర్వాత నేను చూడటం అదే. ఆ రాత్రి పులుసు సంగతి వేరే రాయాలి.

మార్చి 2025లో ఒక కాంట్రాక్ట్ ఉద్యోగం దొరికింది. పాత జీతం మీద ముప్పై శాతం తక్కువ. ఇది సాక్ష్యం కింద చెప్పమని సంఘంలో అడిగారు. ఉద్యోగం రాకముందు సంగతులే చెప్తాను, వచ్చింది చెప్పను అంటే ఒప్పుకున్నారు. నాలుగు నిమిషాలు మాట్లాడాను, గొంతు వణికింది. లంక నుంచి వచ్చే ఆవిడ ఆ రోజు రాలేదు. వాళ్ళాయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారట.

నన్నే ఎందుకు తీసేశారో ఈ రోజుకీ తెలీదు. షావుకారు వడ్డీ కొంత తగ్గించి నెలవారీ కిస్తీలకి ఒప్పుకున్నాడు. వాళ్ళమ్మాయి పెళ్ళికి అమ్మా నాన్నా వెళ్ళొచ్చారు. ఈ నెల కిస్తీ నిన్నే పంపించాను, ఇంకా చాలా ఉన్నాయి. నాన్న చెరువులో మళ్ళీ పిల్ల వేశారు, ఈసారి సగం చెరువుకే. గట్టు చుట్టూ వల ముందే కట్టేసి ఉంచుకున్నాం.